నడిలంక తొమ్మిదో గేటు

కట్ట కట్టిన 63వ ఏడు, ఆషాఢ బహుళ సప్తమి

ఈ పుస్తకం నేను చేత్తో రాస్తున్నాను. గేట్లు నడిపే కంప్యూటర్‌కి మా ఊళ్ళో కావలి అని పేరు. కావలి తన లాగ్ తనే రాసుకుంటుంది. అది దాని మాట, ఇది నా మాట. నా పేరు కొల్లాటి సువార్త. నడిలంక కంట్రోల్ రూములో హెడ్ లస్కర్ని, అంటే గేట్లు కాసే పనివాళ్ళకి పెద్దని.

ఉదయం ఆరింటికి డ్యూటీ ఎక్కాను. తొమ్మిదింటికి ఆటు. పదకొండు గేట్లూ లేచి ఉన్నాయి, ఊళ్ళో వాననీళ్ళు, మురుగు సముద్రంలోకి పోతున్నాయి. పన్నెండున్నరకి కావలి గేట్లు దించింది. మూడింటికి పోటు. బయట సముద్రం మా ఇళ్ళ గడపల కంటే రెండు మీటర్లు పైకొచ్చి, కట్టకి ఆనుకుని నిలబడి, మళ్ళీ వెనక్కి పోయింది. రోజుకి రెండుసార్లు ఇదే పని. మా ఊళ్ళో పంచాంగం పండగల కోసం కాదు, పోటు కోసం చూస్తారు.

మధ్యాహ్నం నూకరాజు బాబాయ్ వచ్చాడు. మా మెకానిక్. అరవై రెండేళ్ళు, చేతులెప్పుడూ గ్రీజే. పదకొండు గేట్లకీ చేత్తో తిప్పే హ్యాండిళ్ళు ఉండేవి. కరెంటు పోతే, కావలి పడుకుంటే మనుషులు తిప్పి దించడానికి. నలభై ఏళ్ళుగా వాటికి నెలకోసారి గ్రీజు పెట్టేది ఆయనే.

ఆయన వెనకే మా చీఫ్ ఇంజనీరు పరాంకుశం గారు కాగితం పట్టుకుని వచ్చారు. పైఊళ్ళలో ఉండే కట్టల బోర్డు నుంచి ఉత్తర్వు. ఈ నెలాఖరుకి హ్యాండిళ్ళన్నీ విప్పి పంపెయ్యాలట. ఎండాకాలంలోనే మూడు గేట్లవి పట్టుకుపోయారు.

"ఎందుకు సార్?" అన్నాను.

"ఎవడు పడితే వాడు తిప్పేస్తాడని. భద్రత."

"ఇన్నేళ్ళలో ఎవడు తిప్పాడు సార్?" అన్నాడు బాబాయ్.

పరాంకుశం గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చెడ్డమనిషి కాదు. పై నుంచి వచ్చిన కాగితాన్ని కిందకి దించడమే ఉద్యోగం అనుకునే మనిషి. వారం టైమ్ అడిగాను. ఇచ్చారు.

బహుళ నవమి

షిఫ్టు దిగే ముందు ఒకటో గేటు దాకా నడిచి గేజి రాయి చూసి రావడం నాకు అలవాటు. గేటు పక్కన రాతి స్తంభం మీద పెయింటుతో వేసిన గీతలవి. ఆ పని రూల్సులోంచి ఎప్పుడో తీసేశారు. నేను మానలేదు.

ఇవాళ తెర మీద నీటిమట్టం మీటరు పన్నెండు. రాయి మీద మీటరు పంతొమ్మిది. ఏడు సెంటీమీటర్ల తేడా.

జరీనాని పిలిచాను. కావలి ప్రోగ్రాములన్నీ చూసుకునే ఇంజనీరు. ముప్పై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, గోళ్ళు కొరకడం ఎక్కువ.

"పాచి పట్టి ఉంటుంది అక్కా, సెన్సారుకి."

"పడితే పట్టింది, ఓసారి చూడు."

గంట కూర్చుంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి నా వైపు తిరిగింది.

"పాచి కాదక్కా. ఇవాళ పొద్దుట్నుంచీ తెర మీద వచ్చిన అంకెలు, పోయిన పక్షం నవమి నాటివి. ఒక్క అంకె తేడా లేదు."

"పోటు అదే కదా మరి, కలవచ్చేమో."

"ఒకటో రెండో కలుస్తాయి. నాలుగువేలు ఎలా కలుస్తాయి? ఎవరో పాత వీడియో మళ్ళీ వేసినట్టు వేస్తున్నారు. బయట ఏం జరిగినా మనకి అదే కనపడుతుంది."

నేనిది ఇంతకు ముందు చూశాను.

బహుళ ఏకాదశి

జరీనా ఏటా రెండుసార్లు గేట్ల ప్రోగ్రాములన్నీ ఒక డ్రైవులోకి ఎక్కించి, దాన్ని ఏ వైరుకీ తగిలించకుండా పోస్టాఫీసు బీరువాలో పెట్టిస్తుంది. నిన్న అది తీసుకుని, ఎప్పుడూ నెట్‌వర్కు మొహం చూడని పాత లాప్‌టాప్ సంచిలో వేసుకుని, సైకిలు మీద గేటు గేటుకీ తిరిగింది. ప్రతి గేటు దగ్గరా ఒక చిన్న కంట్రోలు పెట్టె ఉంటుంది. కావలి చెప్పింది విని మోటారుని తిప్పేది అదే. పెట్టెలో ఉన్న ప్రోగ్రాము, బీరువాలోది పక్కపక్కన పెట్టి చూసింది.

ఏడు గేట్ల ప్రోగ్రాముల్లో కొత్త వరసలు చేరాయి. అమావాస్యనాడు ఎనిమిదిన్నరకి గేటు పూర్తిగా లేపాలి, ఆ తర్వాత ఎవరి మాటా వినకూడదు. అదీ వాటి సారం.

అమావాస్య పోటు తొమ్మిదీ యాభైకి. పక్షంలోకెల్లా పెద్ద పోటు.

"ఇప్పుడే మంచి ప్రోగ్రాములు ఎక్కించేద్దామా?" అన్నాను.

"ఒక్కో పెట్టెకి అయిదారు గంటలు. మనం మొదటిది ముట్టుకోగానే లోపలున్నవాళ్ళకి తెలిసిపోతుంది. మిగతావి ఆ నిమిషమే లేపేస్తారు."

పరాంకుశం గారికి చెప్పాం. ఆయన బోర్డుకి చెప్పారు. సాయంత్రానికి జవాబు. ఏదీ ముట్టుకోవద్దు, లైను తెరిచి ఉంచండి, మా నిపుణులు ఇక్కణ్ణుంచే చూస్తారు.

"ఆ లైను మీదే కదా సార్ వాళ్ళు లోపలికొచ్చింది," అంది జరీనా.

"రుజువు ఉందా?"

ఉంది. చూపించింది. పంపుల మరమ్మతుకని బోర్డువాళ్ళు తెరిచిపెట్టిన దారి, మూడు నెలలుగా మూసినవాడు లేడు. ఆయన చూశారు, కళ్ళజోడు తుడుచుకున్నారు. "బోర్డుకి పంపిస్తాను," అన్నారు.

బహుళ త్రయోదశి

పొద్దున్న తొమ్మిదింటికి కంట్రోల్ రూములో తెరలన్నీ తెల్లగా అయిపోయి, నల్లటి అక్షరాలు వచ్చాయి. మంచి తెలుగులోనే రాశారు.

*నడిలంక గేట్లు ఇప్పుడు మా చేతిలో ఉన్నాయి. అమావాస్య ఉదయం ఏడు గంటల లోపు మాస్టర్ కీ ఇవ్వండి. ఇస్తే ఎవరికీ ఏమీ కాదు. గేట్లని చేత్తో ముట్టుకుంటే అన్నీ ఒకేసారి లేపుతాం.*

మాస్టర్ కీ అంటే నలభై అంకెల సంఖ్య. అది చేతికొస్తే కావలిలో ఇక మాకు చోటుండదు. తాళాలు మార్చిన ఇంటి బయట నిలబడ్డట్టే.

దీన్నే కబ్జా అంటారు. ఈ తీరంలో ఇప్పటికి ఆరు ఊళ్ళు అలా పోయాయి. నేను వచ్చింది అందులో ఒక ఊరి నుంచి. మొగపాలెం.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇవాళ జరీనాకి చెప్పాను. పంపుహౌసు వెనక నీడలో కూర్చున్నాం. అది గోళ్ళు కొరుక్కుంటూ, "కీ ఇచ్చేస్తే పోదా అక్కా, ఇరవై రెండు వేల మంది ఉన్నారు," అంది. అప్పుడు చెప్పాను.

"ఎనిమిదేళ్ళ కిందట మొగపాలెంలో డ్యూటీలో ఉన్నది నేనే జరీనా. ఇవే మాటలు వచ్చాయి తెర మీద. ఎవరికీ ఏమీ కాదు అన్నారు. కీ నా చేత్తోనే కొట్టాను."

నోట్లోంచి వేలు తీసింది.

"నిజంగానే ఆరోజు ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా మొదలైంది. ఏ పేటలో పంపు ఎన్ని గంటలు ఆడాలో వాళ్ళు చెబుతారు. వాళ్ళ పనికి మనుషుల్ని పంపని పేటలో పంపు ఆడదు. ఇప్పుడక్కడ పెళ్ళికి ముహూర్తం పెట్టుకోవాలన్నా ఆ పూట గేట్లు మూస్తారో లేదో వాళ్ళని అడగాలి. మా అన్న ఎదురు తిరిగాడు. వాళ్ళ పేటలో మూడు వారాలు నడుము లోతు నీళ్ళు. వాడి కూతురు కెజియకి విషజ్వరం వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆస్పత్రికి తీసుకెళ్ళే పడవ దొరికేసరికి పోయింది."

జరీనా నా పక్కకి జరిగి, "అయితే ఏం చేద్దాం?" అంది.

"వాళ్ళ దగ్గరేముంది?"

"కావలి ఉంది. పెట్టెలున్నాయి. మోటార్లున్నాయి."

"మోటారుకి కరెంటు తీసేస్తే?"

"గేటు ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది." లేచి నిలబడింది. "పొద్దున్న పోటు మొదలయ్యాక గేట్లు దిగి ఉంటాయి. అప్పుడు పదకొండు చోట్లా ఒకేసారి ఫ్యూజులు పీకేస్తే కావలికి చేతులుండవు. కానీ ఆ తర్వాత రోజుకి రెండుసార్లు గేట్లెవరు లేపుతారు, ఎవరు దించుతారు?"

"మనుషులు," అన్నాను.

బహుళ త్రయోదశి, సాయంత్రం

ఫోన్లు వాడలేదు. అవి ఎవరు వింటున్నారో తెలీదు. గేటుకి ఎనిమిది మంది, మార్చుకోవడానికి ఇంకో ఎనిమిది. నూట డెబ్భై ఆరు మంది కావాలి. నేను చేపలు ఎండబెట్టే కళ్ళాలకి వెళ్ళాను. బాబాయ్ పడవల షెడ్డుకి వెళ్ళాడు. జరీనా బడికి వెళ్ళి టీచర్లతో మాట్లాడింది.

కళ్ళాల దగ్గర పెద్ద గొంతు అప్పలనర్సమ్మది. యాభై దాటిన మనిషి. ఆవిడ ఒప్పుకుంటే అక్కడ ఇంకెవరూ కాదనరు. చెప్పిందంతా చేపలు తిరగేస్తూనే విన్నది.

"ఆ కంప్యూటర్ల సంగతి నాకు తెలవదు గానీ, తిప్పితే గేటు దిగుద్దా?"

"దిగుద్ది. నలభై నిమిషాలు పడుద్ది. చేతులు పోతాయి."

"ఇవి పోయే చేతులేనా?" అని రెండు అరచేతులూ చూపించింది. ఉప్పుకి కాయలు కాసి చెక్కల్లా ఉన్నాయి. "తొమ్మిదో గేటు మాకియ్యి. మా ఇళ్ళు దాని కిందే."

హ్యాండిళ్ళు పట్టుకుపోయిన మూడు గేట్లలో తొమ్మిదోది ఒకటి. బాబాయ్ పడవల షెడ్డులో పాత ఇరుసులు కొట్టించి మూడింటికీ కొత్తవి చేయించాడు. ముద్దగా, వంకరగా ఉన్నాయి. "అందానికి కాదు కదమ్మాయ్," అన్నాడు.

బహుళ చతుర్దశి

వాడకుండా వదిలేసిన పాత తూము దగ్గర అందరికీ బాబాయ్ తిప్పడం నేర్పాడు. క్లచ్ వదిలించకుండా తిప్పితే హ్యాండిల్ వెనక్కి తన్నుతుందని పదిసార్లు చెప్పాడు. ఇద్దరు టీచర్లు వరసలు రాసుకున్నారు. సంకేతానికి డప్పు అనుకున్నాం. ఒకటో గేటు దగ్గర మోగితే రెండో గేటు వాళ్ళు అందుకుంటారు, అలా పదకొండు దాకా. మూడు దెబ్బలు ఆగి మూడు దెబ్బలు అంటే ఫ్యూజులు పీకమని. ఆగకుండా మోగితే ఆపద అని, చివర ఎన్ని దెబ్బలు పడితే ఆ గేటు అని.

రెండింటికి పరాంకుశం గారు పిలిచారు. మనిషి రాత్రంతా నిద్ర పోనట్టున్నారు.

"సువార్త గారూ, బోర్డు తేల్చేసింది. కీ ఇచ్చెయ్యమన్నారు. తర్వాత వాళ్ళతో మాట్లాడి వెనక్కి తెప్పిస్తారట."

"ఇప్పటిదాకా ఏ ఊరిది తెప్పించారు సార్?"

"నాకు తెలీదు."

"ఏ ఊరిదీ తెప్పించలేదు. మీకు తెలుసు."

"చూడండి, మీరు చెప్పినట్టు చేసి ఒక్క గేటు లేచిపోయినా ఆ ప్రాణాలు ఎవరి మీద ఉంటాయి? నా మీద. నా వల్ల కాదు. ఇది ఉత్తర్వు."

"అయితే రాసివ్వండి. ఈ పుస్తకంలోనే."

నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ఈ కింది వరస ఆయనే రాశారు.

*అమావాస్య ఉదయం ఏడు గంటల లోపు మాస్టర్ కీ ఇవ్వవలసిందిగా హెడ్ లస్కర్ కె. సువార్తను ఆదేశించడమైనది. — టి. పరాంకుశం, చీఫ్ ఇంజనీరు.*

నేను దాని కింద రాశాను.

*ఇవ్వను. — కొల్లాటి సువార్త.*

ఆయన ఆ మాట కేసి చూస్తూ కూర్చున్నారు. నన్ను బయటికి పంపించలేదు. గార్డులని పిలవలేదు. అది ధైర్యమో, అలసటో నాకు తెలీదు.

అమావాస్య

సాయంత్రం అయిదింటికి కూర్చుని రాస్తున్నాను. చేతులు పుస్తకాన్ని సరిగా పట్టుకోవడంలేదు.

పొద్దున్న ఆరింటికి గేట్లన్నీ దిగే ఉన్నాయి. కావలే దించింది. ఏడు దాకా అంతా మామూలుగా కనబడాలని వాళ్ళ ఆలోచన. ఆరూ ఇరవైకి జరీనా బయటి లైను కత్తిరించింది. కత్తెర కాదు, కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చింది. రెండు దెబ్బలు. ఆ వెంటనే నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఒకటో గేటు దగ్గర డప్పు మోగింది. మూడు దెబ్బలు, ఆగి మూడు. రెండో గేటు అందుకుంది. మూడో గేటు. గాలి మా వైపు ఉండడంతో ఆరో గేటు దాకా వినబడింది.

తెర మీద మాత్రం ఏమీ మారలేదు. పదకొండు గేట్లూ కావలి అదుపులోనే ఉన్నాయని పచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పోయిన పక్షపు సముద్రం హాయిగా ఆడుతోంది. దాన్ని చూడడం ఆపేసి కట్టెక్కాను.

ఆరూ నలభైకి అన్ని గేట్ల నుంచీ సైకిళ్ళ మీద కబుర్లు వచ్చాయి. ఫ్యూజులు పీకేశారు. ఏ గేటూ కదల్లేదు. జరీనా నా భుజం మీద తల పెట్టి ఒక్కసారి నవ్వింది. ఏడయింది. ఏడున్నరయింది. పోటు ఎక్కుతోంది. కట్ట అవతల నీళ్ళు గోధుమరంగుగా, నురగ కట్టి, గేజి రాయి మీద ఒక్కో గీతా మింగుతున్నాయి. లైను తెగాక వాళ్ళు ఏమీ చెయ్యలేరనుకున్నాం. కానీ ఎనిమిదిన్నర అనే మాట పెట్టెల్లోనే రాసి ఉంది. కరెంటు లేని పెట్టెకి అది ఒట్టి రాత, అనుకున్నాం.

ఎనిమిదీ ముప్పై రెండుకి తూర్పు వైపు డప్పు. ఆగలేదు. ఆగకుండా మోగి, చివర తొమ్మిది దెబ్బలు పడ్డాయి.

"తొమ్మిదో గేటు," అంది జరీనా. "ఎలా? కరెంటు లేదుగా!"

సైకిలెక్కాను. కట్ట మీద అయిదు కిలోమీటర్లు. వెనక క్యారియర్ మీద జరీనా. దారంతా అది తనలో తనే అనుకుంటోంది, "బ్యాటరీ. పోయినేడు పెట్టె మార్చినప్పుడు కాంట్రాక్టరు మోటారుని కూడా ఆడించే బ్యాటరీ పెట్టాడు. డ్రాయింగులో చూపలేదు. బ్యాటరీ."

మేం చేరేసరికి గేటు మీటరున్నర లేచి ఉంది. దాని కింద నుంచి సముద్రం లోపలికి వస్తోంది. ఆ చప్పుడు నేను రాయలేను. లోపలి కాలవ అప్పటికే గట్లు దాటింది. అక్కడే కాపున్న బాబాయ్ గడ్డపారతో పెట్టె తలుపు పగలగొట్టి బ్యాటరీ వైర్లు లాగేశాడు. మోటారు ఆగింది, గేటు ఎక్కడిదక్కడ నిలిచింది. అంటే లేచే ఉంది.

"క్లచ్ వదిలించా! తిప్పండి!" అని అరిచాడు.

అప్పలనర్సమ్మ వాళ్ళు ఎనిమిది మంది, చెరో వైపు నలుగురు. వంకర హ్యాండిల్. వచ్చే నీళ్ళు గేటుని గాడికేసి నొక్కుతున్నాయి, పది సార్లు తిప్పితే వేలెడు దిగుతోంది. పది నిమిషాలకి మనుషులు మారుతున్నారు. నేనూ పట్టుకున్నాను. నా పక్కన ఎవరున్నారో కూడా చూడలేదు. ఎవరిదో ఊపిరి, ఎవరిదో చెమట.

"నర్సమ్మా, మీ ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయే," అని కింద నుంచి ఎవరో కేకేశారు.

"రానీ! తిప్పండి మీరు!"

తొమ్మిదీ పదికి మూర ఎత్తు మిగిలి ఉండగా గేటు ఇరుక్కుపోయింది. కొట్టుకొచ్చిన దుంగ ఏదో కింద పడినట్టుంది. ఇంకో ఇద్దరు హ్యాండిల్ మీద బరువేశారు. అప్పుడు హ్యాండిల్‌ని బిగించిన పిన్ను తెగింది. హ్యాండిల్ వెనక్కి తన్నింది. అందరం పడ్డాం. బాబాయ్ మాత్రం నిలబడి కుడిచెయ్యి ఎడం చంకలో పెట్టుకున్నాడు. చొక్కా మీద ఎర్రగా పాకుతోంది.

"బాబాయ్!"

"రెండు వేళ్ళే. చూడకు. అడ్డచెక్కలు వెయ్యండి, అడ్డచెక్కలు!"

గేటుకి ముందు రెండు గోడల్లోనూ నిలువు గాడులుంటాయి. మరమ్మతప్పుడు ఒకదాని మీద ఒకటిగా పెద్ద టేకు చెక్కలు దించి నీళ్ళు ఆపడానికి. చెక్కలు షెడ్డులో ఉన్నాయి. ఒక్కోటీ ఆరుగురు మోస్తే గానీ కదలదు. మొదటి చెక్కని నీళ్ళు అగ్గిపుల్లలా లాగేసుకున్నాయి. రెండోదాన్ని రెండు పక్కలా మోకులు కట్టి, ఇరవై మంది పట్టుకుని కొద్దికొద్దిగా దించాం. అది గాడిలో కూర్చున్న చప్పుడు కాళ్ళకి తెలిసింది. మూడోది. నాలుగోది. టీచర్లు లెక్క పాడుతున్నారు, అందరం ఆ పాటకి లాగుతున్నాం. ఏడో చెక్క పడ్డాక నీళ్ళ గొంతు మారింది. పదో చెక్కకి సన్నటి ధారలు మిగిలాయి.

తొమ్మిదీ యాభైకి పోటు నిండింది. కట్ట మీద నిలబడి చూశాను. ఒక పక్కన సముద్రం, రెండో పక్కన మేం. మధ్యలో తొమ్మిది చెక్కలు, దిగీ దిగని గేటు.

చెక్కలు నిలబడ్డాయి.

ఆ గేటు కింది పేటలో రెండు వందల పన్నెండు ఇళ్ళలోకి మోకాలు లోతు నీళ్ళొచ్చాయి. ఎవరూ చనిపోలేదు. అప్పలనర్సమ్మ ఇంటికెళ్ళి, తడిసిన బియ్యం మూట చూసి, మళ్ళీ కట్ట మీదకొచ్చింది. "సాయంత్రం ఆటుకి గేట్లు లేపాలి కదా, మా వంతు ఎప్పుడు?" అని అడిగింది.

శ్రావణ శుద్ధ చవితి

నాలుగు రోజులుగా చేత్తోనే. ఒక్క పూట తప్పలేదు. డప్పు మోగితే గేట్లు లేస్తాయి, డప్పు మోగితే దిగుతాయి. జనం చేతులకి గుడ్డలు చుట్టుకుని తిరుగుతున్నారు.

జరీనా పెట్టెలు ఒక్కొక్కటే విప్పి, తుడిచి, మంచి ప్రోగ్రాము ఎక్కిస్తోంది. ఈసారి ఒక పద్ధతి పెట్టింది. ఒక గేటు పెట్టె ఇంకో గేటు మాట వినదు. గేట్లు నడిపే హక్కు కావలికి ఉంటుంది గానీ బయటి నుంచి కావలిలోకి వచ్చే దారి ఉండదు. ప్రతి వైరూ, ప్రతి బ్యాటరీ కాగితం మీద గీస్తోంది. "డ్రాయింగులో లేనిది గేటు దగ్గర ఉండకూడదు," అంటోంది. ఇంటికి పొమ్మన్నా పోవడంలేదు.

బాబాయ్ ఆస్పత్రి మంచం మీద ఎడంచేత్తో బొమ్మ గీసి పంపాడు. గేటు బయట ఒక ఇనప బుంగ, దానికో కొక్కెం. బయట నీళ్ళు లోపలి కంటే ఎత్తుగా ఉంటే బుంగ తేలి కొక్కెం పడుతుంది, ఇంక గేటు లేవదు. ఎవరు చెప్పినా లేవదు. కావలి చెప్పినా, నేను చెప్పినా. కింద వంకర అక్షరాలతో "దీనికి ఎవడూ అబద్ధం చెప్పలేడు" అని రాశాడు. పడవల షెడ్డులో మొదటిది తయారవుతోంది.

ఇవాళ మధ్యాహ్నం ఊళ్ళో అందరి ఫోన్లకీ ఒకేసారి మెసేజీ వచ్చింది.

*ఈ అమావాస్య తప్పించుకున్నారు. అమావాస్య ప్రతి నెలా వస్తుంది.*

చాలామంది భయపడ్డారు. కొందరు పిల్లల్ని పైఊళ్ళకి పంపుదామని సర్దుకోవడం మొదలెట్టారు. సాయంత్రం కళ్ళాల దగ్గర అందరం చేరాం. నన్ను మాట్లాడమన్నారు. నాకు ఉపన్యాసాలు రావు.

"ప్రతి నెలా వస్తుందని మనకి వాళ్ళు చెప్పాలా?" అన్నాను. "అరవై మూడేళ్ళుగా ప్రతి నెలా వస్తోంది. ప్రతి నెలా ఆపుతున్నాం. వాళ్ళు కొత్తగా వచ్చారు. మనం పాతవాళ్ళం."

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. పేర్లు రాసుకునే టీచరు దగ్గర ఇంకో మూడు వందల మంది చేరారు.

శుద్ధ దశమి

బోర్డు నుంచి విచారణాధికారి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, బురద అంటని బూట్లు. నన్ను, పరాంకుశం గారిని కూర్చోబెట్టారు.

"బోర్డు లైను ఎవరి ఉత్తర్వు మీద కత్తిరించారు?"

"నా ఉత్తర్వు మీద."

"కత్తి పట్టింది జరీనా అనే ఇంజనీరని విన్నాం."

"కత్తి ఎవరు పట్టినా ఉత్తర్వు నాది. రాసుకోండి."

"మీకు ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉందా?"

"లేదు."

"రెండు వందల ఇళ్ళు మునిగాయి. ఒక ఉద్యోగి వేళ్ళు పోయాయి. దీనికి బాధ్యత?"

"నాదే. మొగపాలెంలో కీ ఇచ్చింది కూడా నేనే. ఎనిమిదేళ్ళుగా అక్కడ మునుగుతున్న ఇళ్ళ గురించి ఒక్క కాగితం రాయలేదు మీరు. అదీ నా పేరు మీదే రాసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

ఆయన కలం ఆపారు. తర్వాత ఈ పుస్తకం తెరిచి చతుర్దశి పేజీ చూపించి పరాంకుశం గారిని అడిగారు. "ఇది మీ రాతేనా?"

పరాంకుశం గారు కళ్ళజోడు సర్దుకుని పేజీ మీదకి వంగారు.

"పైది నాది," అన్నారు. "కిందది నేను రాయాల్సింది."

సాయంత్రం ఉత్తర్వులు వచ్చాయి. హెడ్ లస్కర్ పదవి నుంచి నన్ను తీసేసి ఆ పని జరీనాకి అప్పగించారు, కంట్రోల్ రూములో అడుగు పెట్టకూడదన్నారు. హ్యాండిళ్ళు విప్పమన్న ఉత్తర్వు గురించి అడిగాను. అది పరిశీలనలో ఉందట.

"పరిశీలించుకోండి," అన్నాను. "విప్పడానికి మాత్రం మీరే రావాలి. కట్ట మీద అయిదు వందల మంది ఉంటారు, వాళ్ళని అడిగి విప్పుకోండి."

శ్రావణ పౌర్ణమి

నాలుగు గేట్లు జరీనా చేతుల మీదుగా కావలికి వెళ్ళాయి, మెడలో బాబాయ్ కొక్కేలతో. మిగతా ఏడూ ఇంకా మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. ఇవాళ మళ్ళీ పెద్ద పోటు. పదీ అయిదుకి నిండుతుంది.

ఈ పుస్తకం కంట్రోల్ రూము గుమ్మం బయట నిలబడి రాస్తున్నాను. లోపలికి వెళ్ళకూడదు కదా. జరీనా తలుపు పట్టుకుని నిలబడి ఉంది, ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో.

"నేనేం రాయాలక్కా ఇందులో?"

"చూసింది రాయి. తెర మీద చూసింది కాదు, వెళ్ళి చూసింది."

ఇక్కణ్ణుంచి రాత జరీనాది. పేరు షేక్ జరీనా, హెడ్ లస్కర్, నడిలంక.

ఈ ఆఖరి వరస నేను రాసి పుస్తకం తన చేతికిస్తాను. నాకు ఆరో గేటు దగ్గర పనుంది. ఎడం వైపు హ్యాండిల్, మూడో చోటు. డప్పు మొదలైంది.